ఊపిరి తీసుకోవడం సరే... వదలడం సంగతేంటి? – మన శ్వాస వ్యవస్థ పాఠం



ప్రాణాయామం మీద వీడియో పెట్టిన దగ్గర్నుంచి చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "రోజూ ప్రాణాయామం చేస్తే ఉబ్బసం మందు మానేయొచ్చా?" అని. ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. కానీ అలాంటి ఒక్క ముక్క జవాబు నమ్మి నేనే ఒకసారి పెద్ద తప్పు చేశాను. అందుకని ఈసారి ఊపిరి అసలు ఎలా పనిచేస్తుందో మొదటి నుంచి చెప్పుకుందాం. చివర్లో ఆ ప్రశ్న దగ్గరికి వద్దాం.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఎవరు ఏ మందు వేసుకోవాలో ఇక్కడ చెప్పను. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే, డాక్టర్ చెప్పింది ఎందుకు చెప్పారో అర్థమవుతుంది. ఈ పాఠం అంతవరకే.

ముందుగా, నేను చేసిన తప్పు

మా అమ్మకి పదిహేనేళ్ళుగా ఉబ్బసం ఉంది. రోజూ రాత్రి ఒక ఇన్హేలర్ పీల్చేది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఫోన్లో ఎవరో పంపిన వీడియో ఒకటి చూశాను. ఇన్హేలర్ అలవాటైపోతుందని, ఊపిరితిత్తులు సోమరివైపోతాయని, దాని బదులు శ్వాస సాధన చాలని అందులో చెప్పారు. నేను చదువుకున్నవాణ్ణే. అయినా నమ్మేశాను.

"అమ్మా, నీకు ఆయాసం వచ్చి ఏడాది దాటింది కదా. ఇంకా ఆ మందెందుకు? మానేసెయ్. పొద్దున్నే నాతో కూర్చుని కపాలభాతి చెయ్యి" అన్నాను. కొడుకు చెప్పాడు కదా అని అమ్మ మానేసింది.

మూడు వారాలు ఏమీ కాలేదు. చూశావా అని నేను గొప్పలు కూడా పోయాను. ఈలోగా కార్తీకమాసం వచ్చింది. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, తలుపులేసిన పూజగదిలో దీపాలు, అగరొత్తులు, సాంబ్రాణి. నాలుగో రోజు రాత్రి రెండింటికి ఏదో చప్పుడైతే లేచాను. అమ్మ మంచం అంచున కూర్చుని, రెండు చేతులు మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఛాతీలోంచి పిల్లికూతలు వినిపిస్తున్నాయి. "ఏమైందమ్మా" అంటే రెండు మాటలు కలిపి చెప్పలేకపోయింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నెబ్యులైజర్ పెట్టారు, ఆక్సిజన్ ఇచ్చారు. కాస్త తేరుకున్నాక డాక్టర్ అడిగారు, "రోజువారీ మందు ఎందుకు ఆపారమ్మా? ఎవరు ఆపమన్నారు?" అని. అమ్మ నా వైపు చూడకుండా, "నేనే మర్చిపోతున్నానండీ" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ రాత్రి డాక్టర్ ఇంకో మాట కూడా చెప్పారు. "మీరందరూ ఈమెకి గాలి లోపలికి వెళ్ళట్లేదు అనుకుంటున్నారు. అసలు చిక్కు, వెళ్ళిన గాలి బయటికి రాకపోవడం" అన్నారు. ఊపిరి అంటే పీల్చడం అనే నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ ఒక్క మాట పట్టుకుని తర్వాత నేను చదివి తెలుసుకున్నదే ఈ పాఠం.

1. రోజుకు 21,600

అజపా జపం గురించి చెప్పేటప్పుడు పెద్దలు మనిషి రోజుకు 21,600 సార్లు శ్వాసిస్తాడని అంటారు. చాలామందికి ఈ అంకె తెలిసే ఉంటుంది. ఒకసారి లెక్క చూడండి. రోజుకు 1,440 నిమిషాలు. 21,600ని 1,440తో భాగిస్తే నిమిషానికి సరిగ్గా 15. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారని ఇవాళ్టి వైద్య పుస్తకాలు చెబుతాయి. పెద్దల లెక్క ఆ మధ్యలోనే ఉంది.

మామూలుగా ఒక్కో శ్వాసలో సుమారు అర లీటరు, అంటే 500 మిల్లీలీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. నిమిషానికి 15 సార్లు చొప్పున చూస్తే రోజుకు పదివేల లీటర్ల పైమాటే. మన డాబా మీద ఉండే వెయ్యి లీటర్ల వాటర్ ట్యాంకులు పది ఊహించుకోండి. అంత గాలి మనకి తెలియకుండానే రోజూ వచ్చిపోతోంది. అందుకే ఆ గాలిలో ఏముంది అన్నది అంత ముఖ్యం.

2. గాలి ఇంట్లోకి వచ్చే దారి

మొదటి గుమ్మం ముక్కు. ముక్కు చేసే పనులు మూడు. లోపలి వెంట్రుకలు, జిగురు దుమ్మును ఆపుతాయి. సన్నని రక్తనాళాలు చల్లగాలిని వెచ్చబెడతాయి. తడి పొర పొడిగాలికి తేమ ఇస్తుంది. నోటితో ఊపిరి తీస్తే ఈ మూడూ సరిగ్గా జరగవు. చలికాలం పొద్దున్నే నోరు తెరిచి నడిచేవాళ్ళకి దగ్గు రావడానికి ఇదొక కారణం.

తర్వాత గొంతు. ఇక్కడ అన్నం దారి, గాలి దారి కలుస్తాయి. మింగేటప్పుడు గాలి గొట్టం మీద ఉపజిహ్విక అనే చిన్న మూత వాలుతుంది. తింటూ మాట్లాడితే ఒక్కోసారి ఆ మూత సమయానికి పడదు, పొలమారుతుంది. "ఎవరో తలుచుకుంటున్నారు" అని మనం నెత్తిమీద తడతాం. నిజానికి ఆ దగ్గే మనల్ని కాపాడుతోంది. దాన్ని ఆపకూడదు.

అక్కడి నుంచి శ్వాసనాళం. సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు. గొంతు కింద వేలితో తడిమితే గట్టిగా తగులుతుంది. మృదులాస్థితో చేసిన ఉంగరాల్లాంటివి దాన్ని ఎప్పుడూ తెరిచి ఉంచుతాయి. ఈ ఉంగరాలు వెనకవైపు పూర్తిగా మూసుకోవు. వెనకే అన్నవాహిక ఉంది కదా, ముద్ద దిగేటప్పుడు దానికి కాస్త జాగా కావాలి.

ఛాతీలోకి వచ్చాక ఈ గొట్టం రెండుగా చీలుతుంది. కుడివైపు కొమ్మ కాస్త వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. అందుకే చిన్నపిల్లలు పల్లీ గింజ పొరపాటున పీలిస్తే అది ఎక్కువగా కుడి ఊపిరితిత్తిలోకే జారుతుంది. నాలుగేళ్ళ లోపు పిల్లలకి ప్రసాదంలో పల్లీలు, శనగలు, జీడిపప్పు గింజలుగా పెట్టకండి. పొడి చేసి కలపండి.

3. తలకిందులుగా ఉన్న చెట్టు

ఇక్కడి నుంచి నాలాంటి ఇంజనీర్లకి సరదాగా ఉంటుంది. ఒక గొట్టం రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఇలా సుమారు 23 సార్లు చీలుతుంది. ప్రతిసారీ రెట్టింపు అనుకుని లెక్క కడితే చివరికి 80 లక్షలకు పైగా కొమ్మలు. కాలేజీలో మేం బైనరీ ట్రీ అని బోర్డు మీద గీసుకున్నది ఛాతీలో తలకిందులుగా వేలాడుతోందన్నమాట.

ఆ కొమ్మల చివర ద్రాక్షగుత్తుల్లా చిన్న చిన్న గాలి బుడగలు ఉంటాయి. వాటినే వాయుగోణులు అంటారు. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఇవి 30 కోట్ల నుంచి 50 కోట్ల వరకు ఉంటాయి. అన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తుంది, అంటే దాదాపు 750 చదరపు అడుగులు. ఒక చిన్న డబుల్ బెడ్‌రూమ్ ఇంటి నేలంత జాగా మడతలు పెట్టి ఛాతీలో సర్దినట్టు.

ఒక్కో బుడగ చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాల వల ఉంటుంది. గాలికి, రక్తానికి మధ్య ఉన్న గోడ మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. ఆ గోడలోంచి ఆక్సిజన్ రక్తంలోకి వెళ్తుంది, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వస్తుంది. ఒక్కో ఎర్ర రక్తకణం ఆ వలలో ఉండేది సెకను కన్నా తక్కువే. ఆ కాస్తలోనే ఇచ్చిపుచ్చుకోవడం పూర్తయిపోతుంది.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా ఉంటుంది. అంటే ఉన్నదంతా మనం వాడుకోం. కార్బన్ డయాక్సైడ్ మాత్రం పీల్చేటప్పుడు నామమాత్రం, వదిలేటప్పుడు 4 శాతం. వదలడం అంటే చెత్త బయట పారేయడమే.

4. ఊపిరి లాగేది ఎవరు?

ఊపిరితిత్తులకి వాటంతట అవి సాగే కండరం లేదు. వాటిని సాగదీసేది కింద ఉన్న డయాఫ్రమ్. ఇది ఛాతీకి, పొట్టకి మధ్య గొడుగులా ఉన్న కండరం. అది కిందికి దిగితే ఛాతీలో జాగా పెరుగుతుంది, గాలి లోపలికి వస్తుంది.

ఒకసారి చేసి చూడండి. వెల్లకిలా పడుకుని ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టండి. నెమ్మదిగా ఊపిరి తీయండి. పొట్ట మీది చెయ్యి పైకి లేస్తే డయాఫ్రమ్ బాగా పనిచేస్తున్నట్టు. పొట్టలోకి గాలి వెళ్ళదండీ. గొడుగు కిందికి దిగి పేగుల్ని నెడుతోంది కాబట్టి పొట్ట లేస్తుంది. నిద్రపోతున్న పసిపిల్లల్ని చూడండి, వాళ్ళకి ఎవరూ నేర్పకపోయినా పొట్టతోనే ఊపిరి తీస్తారు.

మరి వదలడం? మామూలుగా కూర్చున్నప్పుడు ఊపిరి వదలడానికి ఏ కండరమూ కష్టపడదు. లాగిన రబ్బరు బ్యాండు వదిలితే దానంతట అదే చిన్నదైనట్టు, సాగిన ఊపిరితిత్తులు వెనక్కి వస్తాయి, గాలి బయటికి వెళ్తుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, వెంటనే దీంతో పని పడుతుంది.

ఇంకో చిన్న ప్రయోగం. ఊపిరి బిగబట్టండి. కాసేపటికి లోపల నుంచి ఎవరో తన్నినట్టు "తియ్యి, తియ్యి" అంటుంది. ఆక్సిజన్ అయిపోయిందని కాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని మెదడు అడుగున ఉన్న కేంద్రం పసిగట్టి కొట్టే గంట అది. వేగంగా బుసబుసా ఊపిరి తీసి కార్బన్ డయాక్సైడ్‌ని ముందే తగ్గించేస్తే, ఆ గంట ఆలస్యంగా మోగుతుంది. అప్పటికే ఆక్సిజన్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. అందుకే పుష్కరాల్లోనో, చెరువులోనో మునక వేసే ముందు వేగంగా శ్వాస సాధన చేయకండి. ఈతగాళ్ళు కూడా ఇలా ప్రాణం మీదికి తెచ్చుకున్న సందర్భాలున్నాయి.

5. అసలు చిక్కు వదలడంలో

ఇప్పుడు మా అమ్మ సంగతికి వద్దాం. ఉబ్బసంలో మూడు జరుగుతాయి. సన్నని గాలి గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర వాస్తుంది. చిక్కటి కఫం ఊరుతుంది. మూడూ కలిసి దారిని సన్నం చేస్తాయి.

కాస్త సన్నమైతే ఏమవుతుందిలే అనిపిస్తుంది కదా? గొట్టంలో గాలి సాఫీగా పారుతున్నప్పుడు ఒక లెక్క ఉంది. వెడల్పు సగమైతే గాలికి అడ్డు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. అందుకే కొంచెం వాపుకే అంత ఆయాసం.

ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీ విప్పారుతుంది, దాంతోపాటు గొట్టాలు కూడా కాస్త తెరుచుకుంటాయి. వదిలేటప్పుడు అవి ఇంకా నొక్కుకుంటాయి. అంటే గాలి లోపలికి ఎలాగోలా వెళ్తుంది, బయటికి పూర్తిగా రాదు. పాతది బయటికి పోకముందే కొత్తది తీసుకోవాలి. అలా ఒక్కో శ్వాసకీ కొంచెం కొంచెం గాలి లోపలే మిగిలిపోయి ఛాతీ ఉబ్బిపోతుంది. నిండిన బిందెలో ఇంకా నీళ్ళు పోయడానికి చూసినట్టు. ఆ పిల్లికూత, సన్నని దారిలోంచి గాలి బలవంతంగా బయటికి వస్తున్న శబ్దం.

ఏళ్ళ తరబడి బీడీ, సిగరెట్ తాగినవాళ్ళకి వచ్చే సీఓపీడీలోనూ గాలి ఇలాగే చిక్కుకుపోతుంది. అక్కడ బుడగల గోడలు పాడై, ఇందాక చెప్పుకున్న రబ్బరు బ్యాండు సాగిపోయి వదులైపోతుంది. ఇది పొగ తాగేవాళ్ళ జబ్బే అనుకుంటాం. కట్టెల పొయ్యి, పిడకల పొయ్యి ముందు సగం జీవితం గడిపిన మన నానమ్మలకి, అమ్మమ్మలకి కూడా వస్తుంది. గుడి మెట్ల దగ్గర కూర్చుండిపోయి "వయసు కదా నాయనా" అంటారు. వయసు అని వదిలేయకండి. స్పైరోమెట్రీ అని ఒక పరీక్ష ఉంది. ఒక గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో చూస్తారు. చూశారా, ఊపిరితిత్తుల ముఖ్యమైన పరీక్షలో కొలిచేది కూడా వదలడాన్నే.

6. వేగంగా తీస్తే ఎక్కువ గాలి వస్తుందా?

ఆయాసం వచ్చినప్పుడు అందరం గబగబా ఊపిరి తీస్తాం. దీని వల్ల ఎంత నష్టమో చిన్న లెక్కతో చూద్దాం.

ముక్కు, గొంతు, గొట్టాలు, ఇవన్నీ దారి మాత్రమే. ఇచ్చిపుచ్చుకోవడం చివరి బుడగల్లోనే. ప్రతి శ్వాసలోనూ సుమారు 150 మిల్లీలీటర్ల గాలి దారిలోనే ఆగిపోతుంది, పనికి రాదు. ఊరెళ్ళిన ప్రతిసారీ ఆటోకి కట్టే మినిమమ్ ఛార్జీ లాంటిది అనుకోండి. ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు కట్టాలి.

మామూలు శ్వాస: 500 మిల్లీలీటర్లు, నిమిషానికి 15 సార్లు. మొత్తం 7,500. దారిలో పోయేది 2,250. పనికొచ్చేది 5,250.

గబగబా, పైపైన: 250 మిల్లీలీటర్లు, 30 సార్లు. మొత్తం అదే 7,500. దారిలో పోయేది 4,500. పనికొచ్చేది 3,000 మాత్రమే.

నిదానంగా, లోతుగా: 750 మిల్లీలీటర్లు, 10 సార్లు. మొత్తం అదే 7,500. దారిలో పోయేది 1,500. పనికొచ్చేది 6,000.

గాలి అంతే, ఫలితం రెట్టింపు. నిదానంగా ఊపిరి తీయమని పెద్దలు ఎందుకు చెప్పారో నాకు ఈ లెక్క చూశాక బాగా అర్థమైంది. స్తోత్రం చదివేటప్పుడు, భజన పాడేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. టక్కున పీల్చి, పాదం పొడుగునా నెమ్మదిగా వదులుతాం. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. జపమాల ప్రార్థన చేసినా, మంత్రం చదివినా శ్వాస నిమిషానికి ఆరు దగ్గరికి తగ్గి, గుండె లయకి మేలు జరిగిందని అందులో చూశారు. రెండిట్లోనూ ఊపిరి ఒకేలా నెమ్మదించింది.

7. లోపల ఊడ్చేవాళ్ళు

గాలి గొట్టాల లోపలి గోడలకి కంటికి కనిపించని సన్నని రోమాలు ఉంటాయి. వాటి మీద పల్చని జిగురు పొర. దుమ్ము, సూక్ష్మజీవులు ఆ జిగురుకి అంటుకుంటాయి. రోమాలన్నీ కలిసి సెకనుకు సుమారు పదిసార్లు ఊగుతూ ఆ చెత్తని గొంతు వైపు పైకి నెడతాయి. మనకి తెలియకుండానే దాన్ని మింగేస్తాం, మిగతా పని కడుపులోని ఆమ్లం చూసుకుంటుంది.

పొగ ఈ రోమాల్ని మొద్దుబారుస్తుంది. చెత్త పైకి రాదు, అందుకే సిగరెట్ తాగేవాళ్ళు పొద్దున్నే అంతసేపు దగ్గుతారు. మంచి వార్త ఏమిటంటే, మానేస్తే రోమాలు కొన్నాళ్ళకి మళ్ళీ పని మొదలుపెడతాయి. మానిన కొత్తలో దగ్గు, కఫం ఎక్కువైనట్టు కొందరికి అనిపించడం వాటి పని మళ్ళీ మొదలైనందుకే. భయపడి మళ్ళీ కాల్చకండి.

ఇక్కడ మన ఇళ్ళలో మాట కూడా చెప్పుకోవాలి. అగరొత్తి వాసన బాగుంటుంది, కానీ ఊపిరితిత్తికి అది పొగే. సాంబ్రాణి, కర్పూరం, దోమల చుట్టలు కూడా అంతే. మానేయమని అనట్లేదు. పూజ చేసేటప్పుడు కిటికీ తెరవండి. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళు, పసిపిల్లలు ఉంటే దీపం, పూలు చాలించి, అగరొత్తి ఒకటి ఆరుబయట తులసికోట దగ్గర వెలిగించండి. భక్తి తగ్గదు. వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు వేసే ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, ఘాటు ఎక్కాక కాదు. పండక్కి బూజు దులిపే పని ఆయాసం ఉన్నవాళ్ళకి ఇవ్వకండి.

8. మరి ఆ ప్రశ్న: మందు మానేయొచ్చా?

ఇప్పటిదాకా చెప్పుకున్నదాంతో జవాబు మీకే తెలుస్తుంది. ప్రాణాయామం కండరాల్ని అదుపులో పెడుతుంది, శ్వాసని నిదానం చేస్తుంది, కంగారు తగ్గిస్తుంది. గొట్టం లోపలి పొరలో ఉన్న వాపుని తీసేది మాత్రం మందు. రెండూ చేసే పనులు వేరు. ఒకటి ఉంది కదా అని రెండోది ఆపకూడదు.

నేను చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే. ఆయాసం రావట్లేదు కాబట్టి మందు అక్కర్లేదు అనుకున్నాను. మందు పనిచేస్తోంది కాబట్టే ఆయాసం రావట్లేదు. ఆఫీసులో సర్వర్ ఏడాదిగా పడిపోలేదని బ్యాకప్ తీసేయమంటే నేనే నవ్వుతాను. ఇంట్లో మాత్రం అదే పని చేశాను.

ఇన్హేలర్ గురించి నాలుగు మాటలు:

– ఇది మత్తు అలవాటు కాదు. మందు నేరుగా గొట్టాల్లోకే వెళ్తుంది కాబట్టి మైక్రోగ్రాముల్లో సరిపోతుంది. మాత్ర అయితే కడుపులోకి వెళ్ళి, ఒళ్ళంతా తిరిగి రావాలి, మిల్లీగ్రాముల్లో వేయాలి.

– వాపు తగ్గించడానికి రోజూ వాడేది ఒకటి, ఆయాసం వచ్చినప్పుడు వాడేది ఒకటి ఉంటాయి. కొందరికి రెండు పనులకీ ఒకటే ఇస్తారు. మీది ఏది దేనికో డాక్టర్‌ని అడిగి డబ్బా మీద తెలుగులో రాసి పెట్టుకోండి.

– పీల్చే పద్ధతి ముఖ్యం. నొక్కితే మందు చిమ్మేదైతే నెమ్మదిగా, పొడుగ్గా పీల్చాలి. గొట్టం లాంటి స్పేసర్ పెట్టుకుంటే ఇంకా మంచిది. క్యాప్సూల్ పెట్టి పీల్చే పొడి మందైతే గట్టిగా, లోతుగా లాగాలి. రెండూ తారుమారు చేస్తే మందు గొంతులోనే ఉండిపోతుంది. రెండిట్లోనూ పీల్చాక పది సెకన్లు బిగబట్టాలి. మొదలుపెట్టే ముందు మాత్రం ఊపిరి పూర్తిగా వదలాలి.

– వాపు మందు వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. మా అమ్మ ఇప్పుడు ఇన్హేలర్‌ని పళ్ళు తోముకునే బ్రష్ పక్కనే పెట్టుకుంది. రాత్రి మందు పీల్చి, పళ్ళు తోముకుంటుంది. మర్చిపోవడం, పుక్కిలించడం రెండు సమస్యలూ ఒకే దెబ్బకి తీరిపోయాయి.

9. రోజూ చేయగలిగినవి

– పొట్ట శ్వాస పది నిమిషాలు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకుని, ఆరు అంకెలు వదలండి. తల తిరిగితే ఆపేయండి.

– మెట్లెక్కేటప్పుడు ఆయాసం వచ్చేవాళ్ళు పెదవులు సున్నాలా చుట్టి, వేడి పాలు ఊదినట్టు నెమ్మదిగా వదలండి. ఇలా వదిలితే గొట్టాలు త్వరగా మూసుకుపోకుండా ఉంటాయి, చిక్కుకున్న గాలి బయటికి వస్తుంది.

– కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైన సాధనలు ఆయాసం ఉన్న రోజున వద్దు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా అసలు చేయొద్దు.

– రోజూ అరగంట నడక. ఊపిరితిత్తి కన్నా ముందు కాళ్ళ కండరాలు గట్టిపడతాయి, అవి తక్కువ ఆక్సిజన్‌తో ఎక్కువ పని చేస్తాయి, ఆయాసం తగ్గుతుంది.

– పెద్దవాళ్ళకి, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి డాక్టర్‌ని అడగండి.

– రెండు వారాలు దాటిన దగ్గుని దగ్గు మందుతో నెట్టుకురాకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. టీబీ అయినా మందులు వాడితే నయమవుతుంది.

ఇలా ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం. పెదవులు, గోళ్ళు నీలంగా మారడం. ఆయాసం మందు పీల్చినా తగ్గకపోవడం, లేదా తగ్గి వెంటనే తిరగబెట్టడం. మగతగా ఉండటం. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 92 కన్నా తక్కువ రావడం. ఇంకో సంగతి, చాలామందికి తెలియదు. ఆయాసం అలాగే ఉండి పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోతే తగ్గిందనుకోకండి. గాలి కదలడమే ఆగిపోయిందేమో. అది ఇంకా ప్రమాదం. ఈలోగా మనిషిని పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, కొంచెం ముందుకి వంచి, మెడ దగ్గర బట్టలు వదులు చేయండి. చుట్టూ జనం మూగకండి.

చివరిగా

నెల తర్వాత అమ్మని చూపించడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టర్‌కి చెప్పేశాను. "ఆ మందు ఆపమన్నది అమ్మ కాదండీ, నేను" అని. ఆయన తిట్టలేదు. "చాలా ఇళ్ళలో జరిగేదే బాబూ. నీకు తెలిసింది కదా, ఇంకో నలుగురికి చెప్పు" అన్నారు. బయటికి వచ్చాక అమ్మ, "ఎందుకురా చెప్పావు, ఆయన ఏమనుకున్నారో" అని నన్నే కోప్పడింది.

ఈసారి కార్తీకంలో అమ్మ కిటికీ తెరిచి దీపం పెట్టింది. గోరువెచ్చని నీళ్ళతో స్నానం. రాత్రి మందు, పొద్దున పదినిమిషాల పొట్ట శ్వాస, రెండూ నడుస్తున్నాయి. నెల మొత్తం ఒక్క రోజు కూడా రాత్రి లేవలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇన్హేలర్ మానేశారేమో ఇవాళే అడగండి. "మర్చిపోతున్నాను" అంటే ఇంకొకసారి అడగండి. నాలాంటి కొడుకో, కూతురో ఎవరైనా చెప్పి ఉండొచ్చు.

మళ్ళీ కలుద్దాం. అందరూ హాయిగా ఊపిరి తీసుకోవాలి, హాయిగా వదలాలి. నమస్కారం.